వెటకారానికి పోలీస్ వెరిఫికేషన్

"పై పోస్టుకు మీ అభ్యర్థిత్వాన్ని పరిశీలించడం సాధ్యపడదు." కోనసీమ కొత్తపేట కుర్రాడికి ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ నుంచి వచ్చిన ఉత్తరం సారాంశం ఇంతే. రాతపరీక్ష పాసయ్యాడు, ట్రేడ్ టెస్టు పాసయ్యాడు, మెడికల్ కూడా అయిపోయింది. బండి ఆగింది వెరిఫికేషన్ దగ్గర. విచారణలో ఏం తేలిందో, ఎవరు తేల్చారో ఉత్తరంలో లేదు. సమాచార హక్కు కింద అడిగితే ఇవ్వడం కుదరదని ఒక్క ముక్కలో జవాబొచ్చింది.

అప్పట్నుంచి ఆ కుర్రాడి వాట్సాప్ స్టేటస్ ఏంటో చూసిగానీ ఊళ్లో కొందరు కాఫీ తాగడం లేదు. "నా గురించి నాకే తెలియని సంగతి ఒకటుందట. అది నాకు చెబితే దేశానికి ప్రమాదమట" అని ఒకరోజు పెట్టాడు. "మా అమ్మ పులస పులుసులో ఏం వేసిందో చెప్పలేను, 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఒప్పుకోదు" అని ఇంకోరోజు. ఈసారి దింపులో ఎన్ని కాయలు దిగాయిరా అని తండ్రి ఇంటి గ్రూపులో అడిగితే, "అత్యంత రహస్యం. చదివిన వెంటనే చింపేయగలరు" అని లెక్క పంపాడు.

ఇదంతా మేనమామకు బొత్తిగా నచ్చలేదు. ఆయన విశాఖ నేవల్ డాక్‌యార్డులో ఉద్యోగం చేసి రిటైరై, ఊళ్లో కొబ్బరితోట చూసుకుంటున్నారు. తోటలో ఒలుపు జరుగుతున్న రోజున అల్లుణ్ని పిలిపించారు. పక్కన ఒలుపు కార్మికుడు నేలలో నిలువునా పాతిన గునపం మొన మీద కాయను పోటుగా దించి, రెండు మెలికలు తిప్పి డొక్క ఊడదీసి, కాయను రాశిలోకి విసురుతున్నాడు. ఆ చప్పుళ్ల మధ్యే మాటలు మొదలయ్యాయి.

"ఏరా అల్లుడూ, నీ స్టేటస్‌లు ఎవరెవరు చూస్తున్నారో తెలుసా?"

"మీరు చూస్తున్నారని ఇప్పుడే తెలిసింది మావయ్యా."

"ఇదిగో, ఈ ఎకసెక్కమే వద్దంటున్నాను. 2019 డిసెంబరులో విశాఖలో ఏం జరిగిందో గుర్తుందా?"

కుర్రాడికి గుర్తుంది. 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' అని పేరు పెట్టి, ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు నేవీ ఇంటెలిజెన్స్‌తోనూ కేంద్ర నిఘా సంస్థలతోనూ కలిసి ఏడుగురు నావికులనూ ఒక హవాలా వ్యాపారినీ పట్టుకున్నారు. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేర్లతో పరిచయాలు మొదలై, ఓడలూ జలాంతర్గాములూ ఎటు వెళుతున్నాయన్న సమాచారం పాకిస్తాన్ చేతికి పోయిందన్నది అభియోగం. ఆ నెలాఖరుకే నేవీ తన స్థావరాల్లోనూ ఓడల మీదా స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది. తర్వాత దర్యాప్తు ఎన్‌ఐఏకి వెళ్లింది.

"వాళ్లూ నీలాంటి కుర్రాళ్లేరా. గూఢచారులుగా పుట్టలేదు. ఒక 'హాయ్'తో మొదలైంది. రహస్యాన్ని చులకన చేసే అలవాటు నోటికి పడితే, ఏది చెప్పొచ్చో ఏది చెప్పకూడదో ఆ నోటికి తెలియదు. అణు జలాంతర్గామి అరిహంత్ సంగతి తెలుసా నీకు? ఏళ్ల తరబడి దాని పేరు ఏటీవీ. అదేంటని మల్కాపురంలో ఇరుగుపొరుగు అడిగితే ఏదో బోటు అనేవాళ్లం. మీ అత్తయ్యక్కూడా అదే మాట. 2009 జూలై 26న మన్మోహన్ సింగ్ గారొచ్చి, ఆయన భార్య గురుశరణ్ కౌర్ గారు కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దించేదాకా నోరు విప్పలేదు. ఆ రోజున కూడా ఫొటోలు తియ్యనివ్వలేదు. దానిమీద జోకులేసిన వాడు ఒక్కడు లేడు."

"కొబ్బరికాయ మన అంబాజీపేటదేనా మావయ్యా? అది కూడా రహస్యమేనా?"

రాశి పక్కన కూర్చున్న కుర్రాడి తల్లికి నవ్వాగలేదు. తమ్ముడి ముఖం చూసి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ నవ్వు తర్వాత కుర్రాడు చెప్పిన మాట మాత్రం తేలిగ్గా తీసేయాల్సింది కాదు. "మీరు దాచింది ఓడ. అది దాచాల్సిందే. నేనేమన్నా ఓడ ఎక్కడుందో చెప్పమన్నానా? నా మీద మీకొచ్చిన అనుమానమేంటో నాకు చెప్పమన్నాను. అది చెబితే శత్రువుకి ఏం తెలుస్తుంది?"

అటెస్టేషన్ ఫారం నింపిన ప్రతి ఇంటికీ ఈ ప్రశ్న తెలుసు. పైన పెద్ద హెచ్చరిక ఉంటుంది: తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా అనర్హులే. కింద గడులు. గత అయిదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నారు? ఎప్పుడైనా అరెస్టయ్యారా? నిర్బంధంలో ఉన్నారా? బైండోవర్ చేశారా? కోర్టు జరిమానా వేసిందా? ఏదైనా పరీక్ష నుంచి డిబార్ అయ్యారా? చివర్న మీ గురించి చెప్పగల ఇద్దరు స్థానికుల పేర్లు. ఇలా అభ్యర్థి దగ్గర్నుంచి పుట్టుపూర్వోత్తరాలన్నీ సంతకంతో సహా తీసుకుంటారు. అటు నుంచి తిరిగి వచ్చేది మాత్రం ఒక్క వాక్యం.

ఈ కుర్రాడు ఆ గడుల్లో ఒకచోట 'అవును' అని రాశాడు.

2022 మే 24 కోనసీమలో ఎవరూ మరిచిపోరు. ఆ ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెడుతూ ప్రాథమిక ప్రకటన వచ్చింది. 24న అమలాపురంలో నిరసన అదుపు తప్పింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబడ్డాయి. తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లకు పోయారు. పోలీసులు సీసీ కెమెరాలు, ఫోన్లు, వాట్సాప్ గ్రూపులు జల్లెడ పట్టారు. వందలమంది మీద కేసులు పడ్డాయి, వాళ్లలో ఈ కుర్రాడూ ఒకడు. 2023లో ఆ కేసులు ఉపసంహరిస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. కానీ ఫారం అడిగేది 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అని. కేసు ఎత్తేసినా ఆ జవాబు మారదు.

మేనమామ ఇక్కడ గొంతు పెంచారు. నిజానికి ఆయన వాదంలో అన్నిటికన్నా బరువైన మాట ఇదే.

"రాజ్యాంగం రాసినాయన పేరు పెడితే ఊరు తగలబెట్టుకుంటారా? నువ్వు అగ్గిపుల్ల గియ్యలేదు, సరే. గుంపులో నడిచావా లేదా? ఆ గుంపులో నడిచినవాడి చేతికి గేటు పాస్ ఇవ్వడానికి ఒక ఆఫీసరు వెనకాడితే ఆయన తప్పేంటి?"

"నడిచాను మావయ్యా. కలెక్టరేట్ దాకా నడిచాను. నడవకుండా ఉండాల్సింది. ఆ మాట ఫారంతో పాటు ఇచ్చిన కాగితంలో రాశాను, కేసు నంబరుతో సహా. అదే కారణమైతే అదే అని రాయమనండి, నెత్తిన పెట్టుకుంటాను. కానీ అదో కాదో నాకెలా తెలుస్తుంది? ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాసి ఉండొచ్చు. నా పేరే ఉన్న ఇంకొకడి కేసు నా ఫైల్లో పడి ఉండొచ్చు. మన పొలం గట్టు తగాదా ఉన్నాయన్ని విచారణలో అడిగి ఉండొచ్చు. తప్పో ఒప్పో చూపించేవాడు లేకపోతే దిద్దుకునేదెలా?"

పల్లెల్లో విచారణ ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లు ఈ మాటను కొట్టిపారేయలేరు. ఎవరో వస్తారు, రచ్చబండ దగ్గరో కిళ్లీకొట్టు దగ్గరో ఇద్దరు ముగ్గుర్ని అడుగుతారు, వెళతారు. అడిగినవాడు నిజాయితీపరుడే కావచ్చు. చెప్పినవాడు ఎవరన్నది మాత్రం ఫైలుకే తెలుసు.

సుప్రీంకోర్టులో ఈ తగవు పాతదే. 1949 నాటి రైల్వే భద్రతా నిబంధనల కింద, కమ్యూనిస్టు కార్యకలాపాల పేరుతో కొందరు రైల్వే ఉద్యోగుల్ని తీసేశారు. వాళ్లలో ఒకరైన బాలకోటయ్య పేరుతో సాగిన కేసులో కోర్టు ప్రభుత్వం వైపే నిలిచింది. అది 1957 చివర్లో. 1983లో గాలి మారింది. మధ్యప్రదేశ్‌లో ఒక బడిపంతులు గతంలో ఆర్‌ఎస్‌ఎస్, జనసంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నాడని పోలీసు రిపోర్టు వస్తే ఉద్యోగం ఊడింది. ఆ కేసులో తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఒ. చిన్నపరెడ్డి. ఆయన భావాలు వామపక్షానికి దగ్గర. అయినా, లేదా అందుకే, ఎదుటి శిబిరం మనిషి ఉద్యోగాన్ని ఆయన కాపాడారు. రాజకీయాల్లోకి రండని నాయకులే యువకుల్ని పిలుస్తారు, వాళ్లు ఏదో ఒక ఆందోళనలో తిరిగితే అది జీవితాంతం మచ్చగా మిగలాలా అని ఆ తీర్పులో నిలదీశారు. తెలుగునాట ఆయన పేరు జాతీయగీతం కేసు వల్ల ఎక్కువగా వినిపిస్తుంది. ఈ తీర్పు కూడా అంతగానూ వినిపించాలి.

2016లో అవతార్ సింగ్ కేసులో త్రిసభ్య ధర్మాసనం ఇంకాస్త వివరంగా చెప్పింది. ఫారంలో నిజమే రాయాలి, దాచకూడదు. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప విషయాన్ని యజమాని క్షమించవచ్చు. అయితే నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా లేదు.

మేనమామ ఆ చివరి మాట పట్టుకున్నారు. "చూశావా, ఇచ్చి తీరాలని లేదు."

"ఇచ్చి తీరమని నేను అడగలేదు."

"అయినా పంతులుగారూ డాక్‌యార్డూ ఒకటేనా? విమానాశ్రయాల్లో సామాన్లు దించే టర్కీ కంపెనీ సెలెబీ ఉంది కదా. హైదరాబాద్‌లోనూ పనిచేసింది. 2025 మేలో దాని సెక్యూరిటీ క్లియరెన్స్ రాత్రికి రాత్రి తీసేశారు. కారణం చెప్పలేదని ఢిల్లీ హైకోర్టుకి పోయారు. జూలైలో కోర్టు ఏమంది? దేశ భద్రత విషయంలో ముందుగా నోటీసు ఇవ్వకపోయినా ఫర్వాలేదంది."

"మరి మీడియా వన్?"

అల్లుడు ఈ కేసు గట్టిగానే చదివాడని మేనమామకు అప్పుడర్థమైంది. కేరళలో మలయాళ వార్తా ఛానల్ మీడియా వన్‌కి కేంద్ర హోంశాఖ సెక్యూరిటీ క్లియరెన్స్ నిరాకరించింది. 2022 జనవరి 31న ప్రసారం ఆగిపోయింది. కారణాలు సీల్డ్ కవరులో కోర్టుకే ఇచ్చారు. కేరళ హైకోర్టు సరేనంది. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు దాన్ని తిరగగొట్టింది. దేశ భద్రత అనే మాటను గాలిలోంచి తీసి వాడటానికి వీల్లేదనీ, ప్రభుత్వాన్ని విమర్శించడం దేశానికి ముప్పు కాదనీ చెప్పింది. నిజంగా దాచాల్సిన వాక్యాలుంటే అవి తీసేసి మిగతాది చూపించే దారి ఉందని కూడా చెప్పింది. సెలెబీ తీర్పు ఉన్నా సరే, ఒక ఐటీఐ కుర్రాడికి ఈ దారి ఎందుకు తెరవకూడదన్నదానికి గట్టి సమాధానం కనిపించదు. కంపెనీకి పెద్ద లాయర్లుంటారు, ఛానల్‌కి ప్రేక్షకులుంటారు. ఈ కుర్రాడికున్నది వాట్సాప్ స్టేటస్.

మేనమామ కాసేపు తువ్వాలుతో మెడ తుడుచుకుని ఇంకో వైపు నుంచి వచ్చారు. "కోర్టులు వదిలెయ్. నవ్వు సంగతి మాట్లాడు. ఇంగ్లండులో ఒకడు, మంచు పడి విమానాశ్రయం మూసేస్తే, తెరవకపోతే పేల్చేస్తానని ట్విట్టర్‌లో సరదాకి రాశాడు. 2010లో. అరెస్టు చేశారు, జరిమానా వేశారు, ఉద్యోగం పోయింది."

"పాల్ ఛాంబర్స్. 2012లో హైకోర్టు శిక్ష కొట్టేసింది. బెదిరింపు కాదు, జోకేనని ఒప్పుకుంది."

"ఆ రెండేళ్లు ఎవరిస్తారు?"

దీనికి కుర్రాడి దగ్గర జవాబు లేదు. నిజానికి ఎవరి దగ్గరా లేదు.

కానీ ఆ ఉదాహరణకీ కొత్తపేట స్టేటస్‌లకీ తేడా ఉంది. అధికార రహస్యాల చట్టంలోని అయిదో సెక్షన్ ప్రధానంగా, రహస్యం చేతికొచ్చినవాడు దాన్ని చెప్పకూడని చోట చెప్పడం గురించి. ఈ కుర్రాడి చేతికి ఏ రహస్యమూ రాలేదు. గేటు లోపలికే అడుగు పెట్టలేదు. పులస పులుసు మీద, కొబ్బరికాయల లెక్క మీద ముద్ర వేసి నవ్వుకుంటే బయటపడేది ఏదీ లేదు. పైగా అతను నవ్వుతున్నది ఎక్కడో గాలిలో పుట్టించిన సంగతి మీద కాదు. ఏ కాగితం మీద 'అత్యంత రహస్యం' అని, ఏ కాగితం మీద 'రహస్యం' అని వేయాలో చెప్పే కేంద్ర హోంశాఖ మాన్యువల్ ఒకటుంది. ఆ మాన్యువల్ కూడా రహస్యమే. 1962 చైనా యుద్ధం మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదికను నేటికీ అధికారికంగా బయటపెట్టలేదు. 2002లో కాశ్మీర్ టైమ్స్ ఢిల్లీ విలేకరి ఇఫ్తికార్ గిలానీని ఇదే చట్టం కింద అరెస్టు చేశారు. ఆయన కంప్యూటర్లో దొరికిన పత్రం ఇస్లామాబాద్ సంస్థ ఒకటి అచ్చువేసినది, ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరికేది. అయినా ఏడు నెలలు తీహార్ జైల్లో ఉంచి, 2003 జనవరిలో కేసు ఉపసంహరించారు. ఈ చట్టాన్నే రద్దు చేసి, అవసరమైన అంశాల్ని జాతీయ భద్రతా చట్టంలో ఒక అధ్యాయంగా పెట్టమని వీరప్ప మొయిలీ అధ్యక్షతన రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ 2006లోనే సిఫారసు చేసింది. చట్టం మాత్రం అలాగే ఉంది.

రాజోలు వైపు వాళ్లకు ఇంకో కోణం తెలుసు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి, నిద్రలో ఉన్న మనుషులు కాలిపోయారు. పొడి గ్యాస్‌కి ఉద్దేశించిన పైపులో తడి గ్యాస్ పోతోందని, లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. ఆ పైపు మీద బతుకుతున్నవాళ్లకు ముందుగా తెలియాల్సిన సంగతి అది. భద్రత పేరుతో ఏది దాస్తున్నారో, ఎవరి నుంచి దాస్తున్నారో అడగడం కోనసీమలో ఊసుపోక కబురు కాదు.

"మీ అన్నయ్యని అడుగు," అన్నారు మేనమామ చివరికి, దారి మార్చి. వర్జీనియాలో ఉన్న ఆ పెద్దవాడు అక్కడి పౌరసత్వం వచ్చాక రక్షణశాఖ కాంట్రాక్టు పనికి క్లియరెన్స్ కోసం దరఖాస్తు చేశాడు. వంద పేజీలు దాటిన ఆ ఫారంలో విదేశాల్లో ఉన్న తల్లి, తండ్రి, తోబుట్టువుల వివరాలు ఇవ్వాలి. అలా కొత్తపేట డోర్ నంబరు అమెరికా ప్రభుత్వం ఫైల్లోకి ఎక్కింది. "వాళ్లూ వదిలిపెట్టరు, అన్నీ అడుగుతారు."

"అడుగుతారు. కానీ కుదరదన్నప్పుడు కారణాల కాగితం చేతికిస్తారు మావయ్యా. జవాబు చెప్పుకోవచ్చు. జడ్జి ముందు కూర్చోవచ్చు. ఆ తీర్పులు పేర్లు తీసేసి బయట పెడతారు కూడా."

అమెరికాకు ఆ బుద్ధి ఊరికే రాలేదు. 1953లో విలియం గ్రీన్ అనే ఇంజనీరుకు, కమ్యూనిస్టులతో పరిచయాల పేరుతో క్లియరెన్స్ పోయింది. ఆయన మీద చెప్పినవాళ్లెవరో ఆయనకు చూపించలేదు. 1959లో అక్కడి సుప్రీంకోర్టు అది చెల్లదంది. మరుసటి ఏడు ఐసెన్‌హోవర్ ఉత్తర్వుతో కారణాలు రాసిచ్చే పద్ధతి వచ్చింది. 1954లో అణు శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్‌కి క్లియరెన్స్ తీసేసి చేసిన అన్యాయాన్ని ఒప్పుకోవడానికి మాత్రం 2022 డిసెంబరు దాకా పట్టింది. ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న కాలంలో, అణ్వాయుధాలు పెట్టుకున్న దేశం కారణం రాసిచ్చి కూడా రహస్యాలు కాపాడుకోగలిగింది. మనం కూడా కాపాడుకోగలం.

తల్లి అప్పటిదాకా వింటూ ఉంది. "మీ కోర్టులు సరే. వీడికి వయసు దాటిపోతోందిరా. తరవాతి నోటిఫికేషన్‌కి కూడా ఇదే మెలిక పడితే?" అంది తమ్ముడితో.

దాంతో ఇద్దరూ కాగితం ముందేసుకున్నారు. సంస్థకు పంపాల్సిన వినతిపత్రం కుర్రాడు ముందే రాసి తెచ్చాడు. అందులో, "నా మీద నాకు తెలియని రహస్యం తెలిసినందుకు అభినందనలు" అన్న వాక్యాన్ని మేనమామ ఎర్ర పెన్నుతో కొట్టేశారు. స్టేటస్‌లో పెట్టుకో, ఇక్కడ వద్దన్నారు. కుర్రాడు ఒప్పుకున్నాడు. మీడియా వన్ తీర్పు తేదీ ఉన్న పేరా మాత్రం తీయనివ్వలేదు. దాచవలసిన భాగాలు తీసేసైనా కారణాల సారాంశం ఇవ్వాలన్న విన్నపాన్ని మేనమామ పైకి జరిపించి, మొదటి పేరా చేయించారు. కేసు ఉపసంహరణ కాగితం నకలు జతచేయమన్నారు. 'దయచేసి' ఎన్నిచోట్ల ఉండాలన్న దగ్గర మళ్లీ వాదన రేగింది. ఒక్కచోట చాలని అల్లుడు, మూడుచోట్ల ఉండాలని మామ. స్పీడ్ పోస్టులో, చేరినట్టు రుజువుతో పంపాలన్నదాని మీద మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.